కొబ్బరి చెట్ల కింద కాఫీ మొక్క: అరకు వాసన ఎక్కడ పుడుతుంది?

మా పెదనాన్న కొన్నేళ్ళ కిందట అరకు వెళ్ళొస్తూ నల్ల ప్లాస్టిక్ కవర్లో ఒక కాఫీ మొక్క తెచ్చాడు. కోనసీమలో మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. చెట్ల మధ్య ఎప్పటినుంచో కోకో వేస్తున్నాం. "కోకో రావట్లేదా? కాఫీకి ఏం రోగం?" అని ఎవరి మాటా వినకుండా, ఎర్రమట్టి తెప్పించి మరీ కోకో వరసలో దాన్ని పాతాడు.

మొక్క చావలేదు. మూడో ఏడు తెల్లటి పూలు పూసింది, మల్లెపూల వాసన. నాలుగో ఏడు గ్లాసెడు పండ్లు వచ్చాయి. పెద్దమ్మ వాటిని డాబా మీద ఎండబెట్టి, రోట్లో దంచి, చెరిగి, బూరెల మూకుట్లో మాడేదాకా వేయించి, మిక్సీ పట్టి డికాషన్ తీసింది. పెదనాన్న ఒక్క గుక్క తాగి, గ్లాసు వంక కాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"అరకు చెట్టేరా ఇది. మరి అరకు వాసనేదీ?"

ఒక్క ముక్కలో చెప్పేద్దామనుకున్నాను. చెప్పబోతే తెలిసింది, "అరకు కాఫీ" అనే రెండు మాటల కింద ఒకటి కాదు, నాలుగైదు సంగతులు చిక్కుపడి ఉన్నాయని. మొక్క, కొండ, చెయ్యి, పొయ్యి, ప్యాకెట్ మీద పేరు. వాసన వీటిలో దేనిదో తేలాలంటే ముందు ఈ చిక్కు విప్పాలి.

పేర్ల గొడవతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇది మన గోదావరి వాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యే విషయం. "స్వర్ణ" అంటే వరి రకం. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎం.టి.యు. 7029. ఆ విత్తనం ఎక్కడ చల్లినా స్వర్ణే. "కొత్తపల్లి కొబ్బరి" మామిడి కూడా అంతే, అంటు ఎక్కడికి తీసుకెళ్ళి కట్టినా పేరు మారదు. "దంపుడు బియ్యం" దగ్గరికొస్తే పేరు రకానిది కాదు, చేసిన పద్ధతిది. ఇక పులస సంగతి వేరు. సముద్రంలో ఉన్నప్పుడు అది వలస. వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస. చేప అదే. మారింది నీళ్ళు, పడ్డ కష్టం, దాంతో పాటు ఒంట్లో కొవ్వు. రేటు సంగతి చెప్పక్కర్లేదు.

అరకు కాఫీ స్వర్ణ లాంటిది అనుకుని పెదనాన్న మొక్క తెచ్చాడు. నిజానికి అది పులస లాంటిది. అరకు అనే కాఫీ రకం ప్రపంచంలో ఎక్కడా లేదు. మనం తాగే కాఫీలో ముఖ్యంగా రెండు జాతులు, అరబికా, రోబస్టా. ఆ కొండల మీద పెరిగే అరబికా కాఫీకి అది ఊరి పేరు.

పోనీ ఆ ఊరి పేరైనా సూటిగా ఉందా అంటే, అదీ లేదు. అరకులోయ ఒక మండలం. "అరకు కాఫీ" తోటలు మాత్రం పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి (జీకే వీధి), జి.మాడుగుల, అనంతగిరి, హుకుంపేట, డుంబ్రిగూడ, పెదబయలు, ముంచింగిపుట్టు దాకా ఉన్నాయి. తోటలు దట్టంగా ఉన్నది చింతపల్లి, జీకే వీధి వైపు. రైలు అరకుకే వెళ్తుంది, టూరిస్టులు అక్కడే దిగుతారు, కాబట్టి పేరు అరకుకి దక్కింది. ఆత్రేయపురం పూతరేకులని చుట్టుపక్కల ఏ ఊళ్ళో చుట్టినా ఆత్రేయపురం పేరుతోనే అమ్ముడుపోయినట్టు.

2019లో కేంద్రం అయిదు కాఫీలకి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. కూర్గ్ అరబికా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికా, వయనాడ్ రోబస్టా, అరకు వ్యాలీ అరబికా. మన దాని నిర్వచనంలో అప్పటి విశాఖ జిల్లా కొండలతో పాటు ఒడిశా వైపు కొండలు కూడా ఉన్నాయి. సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తు అని రాసుంది. గిరిజన రైతులు రసాయనాలు లేకుండా సేంద్రియ పద్ధతిలో పండిస్తారన్న మాట కూడా ఉంది. అంటే చట్టం దృష్టిలో అరకు అంటే ఒక ఎత్తు, ఒక ప్రాంతం, ఒక సాగు పద్ధతి. విత్తనం ఏదన్న పట్టింపు అందులో లేదు.

దీని మీద మళ్ళీ బ్రాండ్లు. గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, "అరకు వ్యాలీ కాఫీ" అని అమ్ముతుంది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ కొండల్లో గిరిజన రైతులతో కలిసి మొదలుపెట్టిన పని నుంచి వచ్చింది "అరకు" అనే ఇంకో బ్రాండ్. 2017లో పారిస్‌లో కొట్టు తెరిచింది, తర్వాత బెంగళూరులో కఫే పెట్టింది. ఇవి రెండూ వేర్వేరు సంస్థలు, వేర్వేరు గింజల ఎంపిక, వేర్వేరు వేపుడు, వేర్వేరు ధర. 2018లో పారిస్ పోటీలో బంగారు పతకం, 2023 జీ20కి వచ్చిన దేశాధినేతలకి ఇచ్చిన కానుకల పెట్టెలో చోటు, ఇలాంటి వార్తలు చదివి మనం సూపర్ మార్కెట్లో అరకు అని రాసి ఉన్న ఏ ప్యాకెట్‌కైనా ఆ పతకం తగిలించేస్తాం. గుర్తింపు అన్నది గింజ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది. మీ చేతిలో ఉన్న ప్యాకెట్ ఎన్ని నెలల కిందట వేయించిందో, అందులో చికోరీ ఎంతో అది చెప్పదు.

ఒక పక్క మాట. ఆంధ్రా వైపు తూర్పు కనుమల్లో కాఫీ మొదట అడుగుపెట్టింది అరకులో కాదు, మన మన్యంలోనే. 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి పాములేరు లోయలో నాటించాడు. ఆదివారాలు రాజమండ్రి కుర్రాళ్ళు బైకులేసుకుని మారేడుమిల్లి వెళ్ళి బొంగు చికెన్ తిని ఫోటోలు దిగే పాములేరు వాగు ఉందే, ఆ చుట్టుపక్కలే. అక్కణ్ణుంచి పుల్లంగి, గూడెం వైపు పాకి, 1920ల నాటికి అరకు, అనంతగిరి, చింతపల్లి చేరింది. 2022లో జిల్లాలు విడదీసేదాకా మారేడుమిల్లి తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. కాబట్టి కాఫీ మా జిల్లా పంటే అని పెదనాన్న వాదిస్తే పూర్తిగా తప్పనలేం.

కోకో బతికిన చోట కాఫీ ఎందుకు రాదు

పెదనాన్న వాదనలో బలమైన ముక్క కోకోయే. రెండూ నీడ పంటలే, రెండూ గింజని పులియబెట్టి ఎండబెట్టి వేయించాల్సినవే. కాని పుట్టిల్లు వేరు. కోకోది అమెజాన్ వైపు అడవి. పల్లపు ప్రాంతం, వేడి, ఉక్కపోత. కొబ్బరి తోటలో దానికి సరిగ్గా అదే దొరుకుతుంది. అరబికా కాఫీ పుట్టింది ఇథియోపియా ఎత్తైన కొండల అడవుల్లో. దానికి హాయిగా ఉండే వేడి 15 నుంచి 24 డిగ్రీల మధ్య. ముప్పై దాటి చాలాకాలం ఉంటే చెట్టు ఊరికే ప్రాణం నిలబెట్టుకునే పనిలో పడుతుంది.

వెయ్యి మీటర్లు పైకెక్కితే వేడి సుమారు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. రాజమండ్రిలో నలభై ఉన్న రోజున చింతపల్లి వైపు ముప్పై మూడు, నీడ చెట్ల కింద ఇంకా తక్కువ. శీతాకాలం రాత్రి మనం దుప్పటి కప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తుంటే లంబసింగిలో మంచు పేరుకుంటుంది. ఇంకో సంగతి, చిక్కమగళూరు 13వ అక్షాంశం దగ్గర ఉంటే అరకు 18 దగ్గర ఉంది. ఉత్తరానికి జరిగిన కొద్దీ శీతాకాలం చలి ఎక్కువ. అందుకే కర్ణాటకలో మేలైన అరబికా తోటల కన్నా కాస్త తక్కువ ఎత్తులోనే ఇక్కడ మంచి గింజ తయారవుతుంది.

చలికీ వాసనకీ ఏమిటి సంబంధం? మామిడికాయని గడ్డిలో మగ్గేసినదానికీ, కార్బైడ్ పెట్టినదానికీ తేడా అందరికీ తెలుసు. రెండూ పసుపుపచ్చగానే ఉంటాయి. రుచికి టైమ్ కావాలి. కాఫీ పండు చల్లని చోట ఎనిమిది తొమ్మిది నెలలు నెమ్మదిగా ముదురుతుంది. ఆ నిదానంలో గింజ గట్టిపడి, చక్కెరలు, పులుపు ఇచ్చే ఆమ్లాలు నిండుగా చేరతాయి. వేడి చోట పండు తొందరపడుతుంది. మా తోటలో చెట్టు దసరాకే ఎర్రబడిపోయింది. అదే సమయానికి పాడేరు వైపు తోటల్లో పచ్చి కాయలే. అక్కడ కోత ఊపందుకునేది నవంబరు తర్వాత, ఫిబ్రవరి దాకా సాగుతుంది. మా చెట్టు గింజ చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా, బెండులా ఉంది.

దీనికి తోడు కాఫీ వేరు నీళ్ళలో నానితే ఓర్చుకోదు. కొండవాలులో నీరు నిలవదు. మా నల్లరేగడి ఒండ్రులో జూలై నుంచి నీళ్ళే నీళ్ళు. పెదనాన్న ఎర్రమట్టి తెప్పించడం తెలివైన పనే, కాని గొయ్యి చుట్టూ ఉన్నది గోదావరి మట్టేగా.

ఆ కొండలకీ మనకీ ఉన్న ఇంకో ముడి గురించి కాఫీ కబుర్లలో ఎవరూ మాట్లాడరు. పెదబయలు వైపు మత్స్యగెడ్డ మాచ్‌ఖండ్‌లో కలుస్తుంది, మాచ్‌ఖండే కిందికొచ్చి సీలేరు అవుతుంది, సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. దాళ్వా (రెండో పంట వరి) ఎండిపోతుంటే "సీలేరు నీళ్ళు వదిలారా?" అని మనం పేపర్లు తిరగేసేది ఈ నీళ్ళ కోసమే. ఒకప్పుడు ఆ వాలుల్లో ఎక్కువగా పోడు. అడవి కొట్టి, కాల్చి, రెండు మూడేళ్ళు పండించి ఇంకో చోటికి జరగడం. కాఫీ వచ్చాక చెట్టు కొట్టడం మానేసి చెట్టు పెంచాల్సి వచ్చింది, ఎందుకంటే నీడ లేకపోతే కాఫీ లేదు. సిల్వర్ ఓక్ చెట్లు వేశారు, వాటి మీద మిరియం తీగ పాకించారు. ఈ రోజు రెండు లక్షల ఎకరాల పైచిలుకు ఇలా ఉంది. అడవి తిరిగొచ్చేసిందని నేననను. వరసలో నాటిన సిల్వర్ ఓక్ అడవి కాదు. కాని ఉత్త వాలు మీద కన్నా నీడ ఉన్న వాలు మీద వాన నీరు కాస్త నెమ్మదిగా దిగుతుంది, మన్ను తక్కువ కొట్టుకొస్తుంది.

అచ్చ అరబికా అంటే ఎంత అచ్చం?

మొక్క సంగతి పూర్తిగా వదిలేస్తే తప్పవుతుంది. రకాల పాత్ర ఉంది, మనం అనుకున్నంత సూటిగా లేదంతే.

పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ మక్కా యాత్ర నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు దగ్గర చంద్రగిరి కొండల్లో నాటాడని కథ. ఆ తర్వాత ఇక్కడి అరబికాకి పెద్ద గండం ఆకుల కింద నారింజ రంగు పొడిలా పుట్టే తుప్పు తెగులు. 1869లో శ్రీలంకలో కనిపించి, కొన్నేళ్ళలో అక్కడి కాఫీని తుడిచిపెట్టేసింది. శ్రీలంక టీ తోటల దేశం అయింది ఆ దెబ్బకే. అప్పటి నుంచీ భారతదేశంలో కాఫీ పరిశోధన అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. వాసన పోకుండా తుప్పుని తట్టుకోవడం ఎలా?

కర్ణాటకలోని బాళెహొన్నూరు కేంద్రం 1940లలో ఇచ్చిన జవాబు ఎస్.795. కెంట్స్ అనే మంచి రుచి గల అరబికాని, లైబీరికా అనే వేరే జాతి రక్తం ఉన్న ఎస్.288తో కలిపారు. ఇంకోవైపు తైమూరు దీవిలో అరబికా, రోబస్టా వాటంతటవే కలిసి పుట్టిన చెట్టు దొరికింది. తుప్పుకి లొంగని చెట్టు. దాన్ని కటుర్రా అనే పొట్టి అరబికా రకంతో కలిపితే కావేరి వచ్చింది. టఫారికెల అనే ఇథియోపియా అరబికాతో కలిపితే సెలెక్షన్ 9. మన్యం తోటల్లో ఉన్నవి ఇలాంటి రకాలే, చాలాచోట్ల ఒకే తోటలో కలిసిమెలిసి. ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది, మొక్కల మీద పని అక్కడ జరుగుతుంది.

కాబట్టి ప్యాకెట్ మీద "నూటికి నూరు శాతం అరబికా" అని ఉంటే అది అబద్ధం కాదు. అయితే దాని తాతముత్తాతల్లో ఒక రోబస్టానో, లైబీరికానో ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ మాటకొస్తే అరబికా జాతే ఎప్పుడో చాలా కాలం కిందట రోబస్టా వంశమూ, యూజినియాయిడిస్ అనే ఇంకో అడవి జాతీ కలవగా పుట్టింది. రోబస్టాకి 22 క్రోమోజోములు, అరబికాకి 44. రోబస్టా అంటే కల్తీ అన్నట్టు మొహం పెట్టేవాళ్ళకి ఈ వంశవృక్షం చూపించాలి.

అయినా రెంటికీ గ్లాసులో తేడా ఉంది, అది కాదనలేం. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో 2 శాతం పైన. అరబికాలో చక్కెర, నూనె ఎక్కువ. రోబస్టాలో చేదు, చిక్కదనం ఎక్కువ. వాసన కోసమైతే అరబికా, పాలల్లో నిలబడే గట్టిదనం కోసమైతే రోబస్టా. మన దేశంలో పండేదాంట్లో రోబస్టాదే పెద్ద వాటా.

రకమే అన్నీ అయిన సందర్భాలు లేకపోలేదు. పనామాలో బొకేటే కొండల్లో గేషా అనే రకం ఉంది. ఇథియోపియా నుంచి టాంజానియా, కోస్టారికా మీదుగా అక్కడికి చేరి, ఎవరూ పట్టించుకోకుండా పడుండేది. 2004లో ఒక తోట వాళ్ళు ఆ చెట్ల గింజని విడిగా ఏరి పోటీకి పెడితే వేలంలో పౌను 21 డాలర్లు పలికింది. పూల వాసన, నారింజ తొక్క వాసన. అయితే చూడండి, అక్కడ కూడా ఎవరో ఒకరు "విడిగా ఏరడం" అనే పని చేశాకే ఆ రకం బయటపడింది. ఎత్తు తక్కువైతే గేషా కూడా మామూలు కాఫీ అయిపోతుంది. అరకుకి గేషా లాంటి ఒక్క హీరో లేడు. ఉన్నదల్లా కొండ, చేతిపని.

ఆ ఒక్క రాత్రి

నా లెక్కలో అరకు కథ మొత్తం ఇక్కడే ఉంది. ఆ చెట్లు, ఆ కొండలు 1990ల్లో కూడా ఉన్నాయి. అప్పుడు ఎవరూ పారిస్ మాట ఎత్తలేదు. మధ్యలో మారిందేమిటి? పండు తెంపడానికీ, గింజ ఎండడానికీ మధ్య జరిగే పని.

పాత పద్ధతి మనకి తెలిసిన కథే. కొమ్మ పట్టి దూస్తే ఎరుపు, పసుపు, పచ్చి అన్నీ బుట్టలో పడతాయి. వాటిని నేల మీదో, రోడ్డు మీదో ఎండబెడతారు. మన్ను వాసన, బూజు వాసన, పొయ్యి పొగ అన్నీ పీల్చుకుంటుంది. కాఫీ గింజకి వాసన పీల్చే గుణం ఎక్కువ. అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి సంతలో వచ్చి తూకం వేసుకుపోతాడు. మంచి పండు ఏరినవాడికీ, దూసినవాడికీ ఒకటే రేటు. అలాంటప్పుడు ఎవడు ఏరతాడు? మా రొయ్యల రైతుల్ని అడగండి, కౌంటుకి (కేజీకి ఎన్ని తూగుతాయన్న లెక్కకి) తగ్గ రేటు రాకపోతే మేత ఎవడు జాగ్రత్తగా వేస్తాడో చెబుతారు.

కొత్త పద్ధతిలో ఎర్రటి పండు మాత్రమే తెంపాలి. ఒకే చెట్టు దగ్గరికి సీజన్‌లో మూడు నాలుగుసార్లు వెళ్ళాలి. తెంపిన రోజే పల్పింగ్, అంటే తొక్క వలవడం, చెయ్యాలి, లేకపోతే బుట్టలోనే పులుపెక్కడం మొదలవుతుంది. ముందు నీళ్ళలో పోస్తే తాలుకాయలు తేలిపోతాయి. వడ్లు కడిగినట్టే. తర్వాత పల్పర్‌లో తొక్క వలుస్తారు. చిన్న రైతులకి చేత్తో తిప్పే బేబీ పల్పర్లు ఇచ్చారు, చింతపల్లి లాంటి చోట్ల అందరి పండ్లూ ఒక్కచోట చేర్చి వలిచే యూనిట్లు వచ్చాయి.

తొక్క పోయాక గింజ చుట్టూ జిగురు ఉంటుంది. దాన్ని తొట్టెలో ఒక రోజు, చలి ఎక్కువైతే రోజున్నర పులియనివ్వాలి. ఇడ్లీ పిండి గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలం ఆరు గంటలకే పొంగి పులిసిపోతుంది, చలికాలం తెల్లారినా పొంగదు. పెద్దమ్మ గిన్నె మూత తీసి వాసన చూసి చెబుతుంది, గడియారం చూసి కాదు. అక్కడ రైతు గింజల్ని చేతిలోకి తీసుకుని రుద్దుతాడు. జారితే ఇంకా కాలేదు, గరగరలాడితే అయినట్టు. రెండు మూడు గంటలు అటూ ఇటూ అయితే సంవత్సరం పంట వెనిగర్ వాసన కొడుతుంది. అయింది అనుకోగానే నాలుగైదు నీళ్ళు పోసి కడిగి, నేలకి ఎత్తుగా కట్టిన వలల మీద పల్చగా ఆరబెట్టి, గంటగంటకీ కలుపుతూ, మంచు పడే వేళకి కప్పుతూ, తేమ పది పదకొండు శాతానికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అప్పుడు దాని పేరు పార్చ్‌మెంట్. పైన కాగితం లాంటి పొర ఉంటుంది, ఆ పొర తీస్తే పచ్చ గింజ.

అయిదు కేజీల పండ్లు వలిస్తే సుమారు కేజీ పార్చ్‌మెంట్. పొర తీస్తే ఎనిమిది వందల గ్రాములు. వేయిస్తే అందులో ఆరో వంతు ఆవిరి. అయిదు కేజీలు మోసుకొచ్చిన మనిషి చేతిలో చివరికి ముప్పావు కేజీ కూడా మిగలదు.

వాల్మీకి, బగత, కొండదొర, గదబ కుటుంబాలకి ఎకరమో రెండెకరాలో ఉండే తోటలివి. ఇంత పని చెయ్యాలంటే ఎరుపు పండుకి విడిగా ఎక్కువ రేటు ఇచ్చేవాడు కావాలి. జీసీసీ గానీ, నాందితో ఉన్న రైతు సహకార సంఘం గానీ తెచ్చిన అసలు మార్పు అదేనని నా అభిప్రాయం. పతకాలు ఆ తర్వాత వచ్చాయి. పైగా ఇది ఒకసారి గెలిచి ఊరుకునే పని కాదు. 2025లో అరకు వైపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర మన దేశంలో మొదటిసారి దొరికిన పురుగే. రసాయన మందు కొడితే సేంద్రియం పోతుంది, కొట్టకపోతే కాయ పోతుంది. మిగిలిన వాటిలో ముఖ్యమైన దారి కింద రాలిన ప్రతి కాయా ఏరి, పురుగు పట్టినవి ఉడకబెట్టి పాతెయ్యడం. మళ్ళీ చేతిపనే.

మా పెద్దమ్మ చేసిన తప్పేమిటో ఇప్పుడు తెలుస్తుంది. నిజానికి తప్పు అనకూడదు, ఆవిడ మిరపకాయలు ఎండబెట్టినట్టు ఎండబెట్టింది. తొక్కతో సహా ఎండిన గింజని వ్యాపారంలో "చెర్రీ" అంటారు. కాకినాడలోనో రాజమండ్రిలోనో కాఫీ పొడి కొట్టుకెళ్తే డబ్బాల మీద "ప్లాంటేషన్ ఏ", "పీబెర్రీ", "రోబస్టా చెర్రీ" అని రాసి ఉంటుంది కదా. చాలామంది ఇవి రకాలనుకుంటారు. ప్లాంటేషన్ అంటే కడిగి ఆరబెట్టిన అరబికా. పక్కన ఉన్న ఏ, బీ అనేవి జల్లెడ సైజులు. పీబెర్రీ అంటే పండులో రెండు గింజలు ఉండాల్సింది ఒకటే గుండ్రంగా తయారైనది, ఏ రకంలోనైనా నూటికి పది దాకా వస్తాయి. చెర్రీ అంటే కడగకుండా పండుతోనే ఎండబెట్టినది. రోబస్టా అన్న జాతి పేరు తప్ప ఒక్క పదం కూడా రకం పేరు కాదు. దంపుడు, పాలిష్, నూకలు అన్నట్టు.

గ్లాసు దాకా వచ్చాక

పచ్చ గింజకి కాఫీ వాసనే ఉండదు. పచ్చి శనగల్లాంటి గడ్డి వాసన. పొయ్యి మీద వేడి రెండొందల డిగ్రీల వైపు వెళ్ళేటప్పుడు లోపలి చక్కెరలు, మాంసకృత్తులు కలిసి వందల కొద్దీ వాసనలుగా మారతాయి. ధనియాలు వేగినప్పుడు, ఉల్లిపాయ ఎర్రబడినప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే. కొండ, పులియబెట్టడం ఇచ్చిన సామాను ఇక్కడ వాసనగా తేలుతుంది. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే అంతా మాడు వాసన కింద అణిగిపోతుంది. అరకు అయినా, మా పెరటి గింజ అయినా మాడితే ఒకటే.

ఇక చికోరీ. ఇది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లో ఎక్కువ పండుతుంది. కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, ఒక తియ్యటి చేదు ఇస్తుంది. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే 49 దాకా చికోరీ ఉన్నా దాన్ని అమ్మొచ్చు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాస్తే చాలు. నాకు చికోరీ మీద కోపం లేదు. పెళ్ళిలో మగపెళ్ళివారికి తెల్లారుజామున నాలుగింటికి అందాల్సిన కాఫీకి చికోరీ లేకపోతే కుదరదు. కాని అరకు కాఫీలో ముప్పై శాతం చికోరీ వేసి, సగం గ్లాసు పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేసి "అరకులో ఏముందండీ ప్రత్యేకత" అంటే, పులసని ఆవకాయలో కలుపుకుని రుచి వెతికినట్టే. అరకు గింజ ప్రత్యేకత మెత్తటి పులుపు, పండు వాసన. ఆ పులుపుని ముందు పాలు కప్పేస్తాయి, మిగిలింది చికోరీ కప్పేస్తుంది.

నీళ్ళ సంగతి మన డెల్టాలో విడిగా చెప్పాలి. కాలవ నీళ్ళు వాడే ఊళ్ళో కాఫీకీ, సముద్రం దగ్గరి బోరు నీళ్ళ కాఫీకీ తేడా పాతకాలం వాళ్ళకి బాగా తెలుసు. నీళ్ళలో ఉప్పు, సున్నం తత్వం ఎక్కువైతే కాఫీలో పులుపు విరిగి చప్పబడిపోతుంది. క్యాన్ నీళ్ళతో ఒకసారి, బోరు నీళ్ళతో ఒకసారి అదే పొడి కలిపి చూడండి. సలసల కాగే నీళ్ళు పొయ్యకుండా ఒక నిమిషం ఆగి పొయ్యడం, దిగిన డికాషన్‌ని మళ్ళీ మరిగించకపోవడం, పొడి ఎక్కువ కొని పెట్టుకోకుండా రెండు వారాలకి సరిపడా తెచ్చుకోవడం. పట్టించిన పొడి వాసన రోజురోజుకీ పోతూనే ఉంటుంది, మన వర్షాకాలపు తేమలో ఇంకా తొందరగా. ఇవి పైసా ఖర్చు లేనివి.

కిందటి సంక్రాంతికి ఇంట్లో మూడు గ్లాసులు పెట్టాను. ఒకటి పెద్దమ్మ రోజూ వాడే డెబ్భై ముప్పై, అంటే డెబ్భై పాళ్ళు కాఫీ, ముప్పై పాళ్ళు చికోరీ. రెండోది చికోరీ లేని అరకు, పాలతో. మూడోది అదే అరకు, పాలు పంచదార లేకుండా. పెద్దమ్మ మూడోది మూతి దగ్గర పెట్టుకుని "ఇది కాఫీ కాదురా, కషాయం" అని మొదటి గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెదనాన్న మూడోది చివరిదాకా తాగాడు. చల్లారిన కొద్దీ వాసన మారుతోందన్నాడు. నిమ్మతొక్క అన్నాడు, కాసేపటికి కాదు బత్తాయి అన్నాడు.

ఈ దసరాకి ఆయన తన చెట్టు పండ్లు దూయనివ్వలేదు. వారం రోజులు ఎర్రబడినవి ఎర్రబడినట్టు ఒక్కొక్కటే తెంపి, ఏ రోజువి ఆ రోజే వేళ్ళతో నొక్కి తొక్క తీసి, స్టీలు గిన్నెలో రాత్రంతా నానబెట్టాడు. మా ఉక్కకి తెల్లవారకముందే గరగరలాడాయి. మూడు నీళ్ళు కడిగి, దోమల మెష్ మీద ఆరబెట్టాడు. వేయించేటప్పుడు పెద్దమ్మని పొయ్యి దగ్గర నుంచి లేపేసి తనే కూర్చున్నాడు. ఈసారి మన్ను వాసన లేదు, మాడు లేదు. శుభ్రంగా, తేలిగ్గా, కాస్త చప్పగా ఉంది. పులుపు మాత్రం రాలేదు.

"చేతిపని సగం తెచ్చిందిరా. మిగతా సగానికి కొబ్బరి చెట్టెక్కి కూర్చోబెట్టినా ఎత్తు సరిపోదు" అని, వేయించగా మిగిలిన నాలుగు గింజలు చొక్కా జేబులో వేసుకుని కోకో కాయలు చూడ్డానికి వెళ్ళాడు.